వంశవృక్షం సాఫ్ట్‌వేర్ కంపెనీలు మన మాట వింటాయా?

డబ్బు పెట్టి వంశవృక్షం సాఫ్ట్‌వేర్ కొంటే, మన ఇళ్ల అవసరాలు ఆ కంపెనీవాళ్లు పట్టించుకుంటారా అని బరంపురం నుంచి అడిగారు. మాది పర్లాకిమిడి. నాలుగేళ్లుగా మా వంశం వివరాలు కూరుస్తున్నాను. వింటారు గానీ, మనం అడిగే తీరు బట్టి ఉంటుంది.

మా తాతయ్య, నేను, మా అబ్బాయి ముగ్గురం పుట్టింది ఒకే వీధిలో. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడక ముందు పుట్టిన తాతయ్యది మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. నాది ఒరిస్సాలోని గంజాం జిల్లా. 1992లో గజపతి జిల్లా వచ్చింది, మావాడు ఆ తర్వాత పుట్టాడు. నేను కొన్న సాఫ్ట్‌వేర్‌లో ఊరికి ఒకే జిల్లా. గజపతి అని దిద్దగానే తాతయ్య కూడా అక్కడే పుట్టినట్టు మారిపోయాడు! రేపు మా మనవలు ఆయన కాగితాలు వెతకాలంటే ఏ జిల్లా పేరు మీద వెతుకుతారు?

కంపెనీకి రాస్తే సూచన నమోదు చేసుకున్నామన్నారు. గట్టిగా రాశాను, అదే జవాబు. మూడోసారి కోపం పక్కనబెట్టి, మా ముగ్గురి పేర్లే ఉన్న చిన్న ఫైలు చేసి, ఎక్కడ ఏం నొక్కితే ఏం చెడుతోందో వరసగా రాసి పంపాను. ఈసారి ప్రోగ్రాం రాసే ఆయనే పలికారు. తర్వాతి వెర్షన్‌లో ఊరికి కాలాన్ని బట్టి జిల్లా పెట్టుకునే వీలు వచ్చింది. గ్రాంప్స్ అని ఉచితంగా దొరికే వంశవృక్షం సాఫ్ట్‌వేర్‌లోనూ ఆ వీలు ఉంది, ముందు అది చూడండి.

తిథి సంగతి మాత్రం తేలలేదు. మా తాతమ్మ పోయింది మాఘ బహుళ దశమినాడు. ఆబ్దికం ఆ రోజే పెడతాం, ఏ సంవత్సరమో ఎవరికీ గుర్తులేదు. తేదీ గడి ఒప్పుకోదు కాబట్టి నోట్సులో రాసుకున్నాను.

కంపెనీ ఎంత మంచిదైనా రేపు ఉంటుందని నమ్మకం లేదు. ఫ్యామిలీ ట్రీ మేకర్ అనే వంశవృక్షం సాఫ్ట్‌వేర్ అమ్మకాలు ఆపేస్తామని యాన్సెస్ట్రీ కంపెనీ 2015 డిసెంబరులో చెబితే వాడేవాళ్లు గట్టిగా అడ్డం తిరిగారు. 2016 ఫిబ్రవరిలో దాన్ని సాఫ్ట్‌వేర్ మెకీవ్ అనే కంపెనీ తీసుకుంది. అంతకు ముందు, 2014లో, ద మాస్టర్ జీనియాలజిస్ట్ అనే మరో సాఫ్ట్‌వేర్‌ను ఆపేశారు.

అందుకే కొనేముందు ట్రయల్‌లోనే పదిమంది పేర్లు తెలుగులో ఎక్కించి, జెడ్‌కామ్ ఫైలుగా (వంశవృక్షం వివరాలను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మార్చే ఫైలు తీరు) బయటికి తీసి, గ్రాంప్స్‌లో తెరవండి. తెలుగు అక్షరాలు యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్‌లో దాచే పద్ధతి) వస్తేనే నిలుస్తాయి. 2021లో వచ్చిన జెడ్‌కామ్ 7 వెర్షన్ ఆ పద్ధతి ఒక్కటే ఒప్పుకుంటుంది, పాతవాటిలో అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారే ప్రమాదం ఉంది. నోట్సు కూడా వచ్చిందా చూడండి, మన తిథులన్నీ ఉండేది అందులోనే.

కంపెనీకి రాసేటప్పుడు నమూనా కావాలంటే నేను పంపిన ఆ ముగ్గురి ఫైలు ఇస్తాను, అడగండి.