ఫైనైట్ ఎలిమెంట్ ప్రోగ్రామ్ (వస్తువుని చిన్న ముక్కలుగా, అంటే ఎలిమెంట్లుగా విడగొట్టి అది ఎంత వంగుతుందో లెక్కగట్టేది) రాయాలంటే ఏ భాష మంచిది: పైథానా, సి++ ఆ, ఫోర్ట్రానా?

మీకు ఏది వస్తే అది. భాష దగ్గర ఆగిపోకండి. రెడీమేడ్ ప్యాకేజీ తెరిచే ముందు ఒక్క ఎలిమెంట్‌నైనా మీ చేత్తో రాయండి, నేను చెప్పేది అదే.

ఎం.టెక్‌లో ఉండగా నాలుగు నోడ్ల (మూలకొక బిందువు) ఎలిమెంట్‌కి ఫోర్ట్రాన్‌లో ప్రోగ్రామ్ రాశాను. సరిచూసుకోవడానికి మామూలు కాంటిలివర్, అంటే ఒక కొస మాత్రమే బిగించిన బీమ్ తీసుకున్నా. మీటరు పొడవు, 100 మి.మీ. లోతు, 50 మి.మీ. వెడల్పు ఉన్న స్టీలు బీమ్, కొసన 1000 న్యూటన్ల లోడు. ఫార్ములా ప్రకారం కొస 0.4 మి.మీ. దిగాలి. పొడవునా పది చదరపు ఎలిమెంట్లు పేర్చి రన్ చేస్తే 0.27 వచ్చింది.

రెండు వారాలు తప్పు కోసం వెతికాను. ఎలిమెంట్ ఎంత బిగువో చెప్పే 8×8 స్టిఫ్‌నెస్ మ్యాట్రిక్స్ ప్రింట్ తీసి, ఎర్ర పెన్నుతో ఒక్కో అంకె చేత్తో లెక్కగట్టా. సిమెట్రీ ఉంది. జాకోబియన్ (ఎలిమెంట్ ఆకారం తిరగబడలేదని చెప్పే లెక్క) పాజిటివే. నోడ్ల వరస సరిగానే ఉంది. పొడవునా ఎలిమెంట్లు రెట్టింపు చేస్తే 0.34 దాకా ఎక్కింది, దాంతో ఇంకా అయోమయం.

తీరా చూస్తే కోడ్‌లో తప్పే లేదు. బీమ్ వంగినప్పుడు పై అంచు విల్లులా వంగాలి. నాలుగు నోడ్ల ఎలిమెంట్ అంచు వంగదు, తిన్నగానే ఉంటుంది. అందుకని లేని షియర్‌ని (పొరలు ఒకదాని మీద ఒకటి జారేలా చేసే ఒత్తిడి) పుట్టించుకుని బిగుసుకుపోతుంది. దాన్నే షియర్ లాకింగ్ అంటారు. అంచుల మధ్యలో నోడ్లు చేర్చి ఎనిమిది చేశాను, 2×2 గాస్ పాయింట్లు (ఎలిమెంట్ లోపల లెక్క కట్టే చోట్లు) పెట్టాను. స్క్రీన్ మీద 0.40! అర్ధరాత్రి రూమ్మేట్‌ని లేపి మరీ చూపించాను.

షియర్ లాకింగ్ అన్న మాట క్లాసులో అంతకుముందే విన్నాను. విన్నప్పుడు ఏమీ అర్థం కాలేదు. పరీక్షలకేమో మూడు స్ప్రింగుల లెక్క చేత్తో చేయిస్తారు, అక్కడితో సరి. ప్రాజెక్టు రిపోర్టుల్లో రంగురంగుల బొమ్మలు అంటిస్తారు. మెష్ (ఎలిమెంట్ల అమరిక) మారిస్తే బొమ్మలో ఎక్కువ స్ట్రెస్ చూపించే ఆ ఎరుపు ఎక్కడికి పోతుందని వైవాలో ఎవరూ అడగరు. ఇది నాకు నిజంగా బాధ.

1991 ఆగస్టు 23న నార్వేలో స్లైప్నర్ ఏ అనే సముద్రపు గ్యాస్ ప్లాట్‌ఫామ్ కాంక్రీటు అడుగుభాగం సముద్రంలో మునిగిపోయింది. లెక్కకు వాడింది పేరున్న నాస్ట్రాన్ ప్యాకేజీనే. గోడలు కలిసే చోట మెష్ సరిగా లేక షియర్ స్ట్రెస్ 47 శాతం తక్కువగా వచ్చింది. ప్రోగ్రామ్ మాత్రం ఇచ్చిన లెక్క ఇచ్చినట్టే చేసింది.

పైథాన్ వస్తే పైథాన్‌లోనే మొదలుపెట్టండి. మెష్ జోలికి పోకుండా ముందు ఒకే ఒక్క నాలుగు నోడ్ల ఎలిమెంట్ రాసి, ఎక్కడా బిగించకుండా దాని స్టిఫ్‌నెస్ మ్యాట్రిక్స్ ఐగెన్ విలువలు తియ్యండి (సున్నా వస్తే ఆ కదలికకి ఎలిమెంట్ అడ్డు చెప్పడం లేదని). ఎనిమిదిలో సరిగ్గా మూడు సున్నాలు రావాలి: రెండు జరగడానికి, ఒకటి తిరగడానికి. ఐదు వచ్చాయంటే ఒకే గాస్ పాయింట్‌తో నడుపుతున్నారు, అది సరిచేసి చూడండి.