లేవీయకాండంలోని బలుల గురించి ఇప్పటి క్రైస్తవులు చదవాల్సిన అవసరం ఉందా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ప్రేమగల దేవుడు జంతువుల రక్తం ఎందుకు అడిగాడు? యేసు వచ్చాక బలులు ఆగిపోయాయి కదా, మరి పాత నిబంధనలో బలుల నియమాలు చెప్పే లేవీయకాండం ఇంకా చదవడం దేనికి? రెండోదాని గురించి నేను కాస్త ఎక్కువ చెబుతాను. ఆ పుస్తకం మా ఇంట్లో ఒక పెద్ద బాధను తీర్చింది.

ముందు మొదటిది. దేవుడికి ఆకలేసి మాంసం అడిగాడని బైబిల్ ఎక్కడా చెప్పదు. నాకు ఆకలైనా నీతో చెప్పను, లోకమంతా నాదే అని 50వ కీర్తనలో దేవుడే అంటాడు. బలి అవసరమైంది మనిషికి. లేవీయకాండం 1వ అధ్యాయం చూడండి. దహనబలి తెచ్చినవాడే పశువు తల మీద చెయ్యి ఉంచాలి, తనే దాన్ని వధించాలి. యాజకుడి పని రక్తం దగ్గర మొదలవుతుంది. తన మందలో ఏ లోపం లేని దూడ తన చేతి కిందే ప్రాణం విడుస్తుంటే, 'నా తప్పు ఏముందిలే' అనుకోవడం ఎవరికైనా కష్టమే. 17:11లో ఇంకో సంగతి ఉంది: ప్రాయశ్చిత్తం కోసం ఆ రక్తాన్ని మీకు ఇచ్చింది నేనే అంటాడు దేవుడు. అంటే దారి చూపించింది కూడా ఆయనే.

పైగా ఆ దారి పేదవాడికి మూసుకుపోలేదు. 5వ అధ్యాయంలో గొర్రెపిల్ల తేలేనివాడు రెండు గువ్వలో పావురపు పిల్లలో తెస్తే చాలు. అదీ చేతకాకపోతే ఏఫాలో పదోవంతు గోధుమపిండి, అంటే సుమారు రెండు లీటర్లు పట్టే పిండి. అది కూడా పాపపరిహారార్థబలే. బాలుడైన యేసును దేవాలయానికి తెచ్చినప్పుడు మరియ, యోసేపు అర్పించింది పేదల కానుకే అని లూకా 2:24 చదివితే తెలుస్తుంది. 4వ అధ్యాయంలో పొరపాటున పాపం చేసినవాడు సామాన్యుడైతే ఆడమేక, అధికారి అయితే మేకపోతు, అభిషిక్తుడైన యాజకుడైతే కోడెదూడ. ఇశ్రాయేలు సమాజమంతా కలిసి తప్పు చేసినా తెచ్చేది కోడెదూడే! వాక్యం చెప్పే ప్రతి ఒక్కరూ ఈ అధ్యాయం తరచుగా చదవాలని నాకనిపిస్తుంది.

ఇక మా ఇంటి సంగతి. నాన్నగారు పోయాక పొలం అమ్మకం విషయాలన్నీ మా దగ్గరి బంధువు ఒకాయన చూసుకున్నాడు. వచ్చిన డబ్బులో కొంత అమ్మకు చేరలేదు. అడిగితే ఏవో ఖర్చుల లెక్కలు చెప్పేవాడు. కొన్నేళ్లకు ఆయన మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకున్నాడు. ఒక ఆదివారం మా సంఘంలో సాక్ష్యం చెబుతూ, ప్రభువు తన పాపాలన్నీ కడిగేశాడని, ఇప్పుడు తన గుండె మీద ఏ భారం లేదని అన్నాడు. అందరూ హల్లెలూయా అన్నారు. అమ్మ అక్కడే కూర్చుని ఉంది. ఇంటికొచ్చాక అన్నం ముట్టలేదు. "దేవుడే క్షమించేశాక ఇంక నేను అడగకూడదా?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు నాకు లేవీయకాండం 6వ అధ్యాయం మొదటి ఏడు వచనాల్లో దొరికింది. దాచమని ఒకరు అప్పగించిన దాని విషయంలో అబద్ధమాడినా, దోచుకున్నా, దొరికిన వస్తువు దొరకలేదని ఒట్టేసినా, దాన్ని యెహోవాకు చేసిన ద్రోహంగానే ఆ భాగం లెక్కిస్తుంది. మరి పరిహారం? తీసుకున్నది మొత్తం, దానికి అయిదోవంతు కలిపి సొత్తుదారుకు ఇవ్వాలి. అంటే లక్ష తీసుకుంటే 1,20,000. అది కూడా అపరాధపరిహారార్థబలి అర్పించే రోజునే ఇచ్చేయాలి. ఆ బలికి పొట్టేలు తెచ్చాను కదా, డబ్బు సంగతి తర్వాత చూద్దాం అనడానికి వీల్లేదు. సంఖ్యాకాండం 5వ అధ్యాయం ప్రకారం చేసిన తప్పు ఒప్పుకోవాలి. పుచ్చుకోవడానికి దగ్గరి బంధువు కూడా లేకపోతే ఆ సొమ్ము యాజకుడికి చేరుతుంది. ఎలా చూసినా అది తీసుకున్నవాడి దగ్గర మిగలడానికి లేదు.

ఈ భాగం అమ్మకు చదివి వినిపించి, తర్వాత మా పాస్టర్‌గారికి చూపించాను. ఆయన సంఘంలో ఎత్తకుండా ఆ బంధువును ఒక్కణ్నే కూర్చోబెట్టి మాట్లాడారు. ఆ బంధువుకు మొదట కోపం వచ్చింది. మనం ధర్మశాస్త్రం కింద లేం, కృప కింద ఉన్నాం అని వాదించాడట. ఇది మన సంఘాల్లో చాలామంది అనే మాటే. పాస్టర్‌గారు ఆయనకు లూకా సువార్తలోని సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) జక్కయ్య కథ చదివించారు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని జక్కయ్య అన్న తర్వాతే కదా, నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు అన్నది.

చివరికి మా బంధువు అసలు మొత్తం విడతలవారీగా ఇచ్చాడు. అయిదోవంతు ఇవ్వలేదు, అమ్మ అడగనూ లేదు. మొదటి విడత తెచ్చిన రోజు మాత్రం, "ఇది నీ డబ్బే వదినా, నేనే వాడుకున్నాను" అన్నాడు. అన్నేళ్లూ చెప్పిన లెక్కలన్నీ ఆ ఒక్క మాటతో పోయాయి. అమ్మ లేచి వెళ్లి ఆయనకు కాఫీ పెట్టింది.

అందుకే సిలువ బలుల్ని రద్దు చేసింది కాబట్టి లేవీయకాండంతో పని లేదంటే నేను ఒప్పుకోను. ఎడ్ల రక్తం, మేకల రక్తం పాపాలు తీసేయలేవని హెబ్రీ 10:4 చెబుతుంది. క్రీస్తు ఒక్కసారే తన్ను తాను అర్పించుకున్నాడని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. కానీ యెషయా 53:10 చూడండి. అక్కడ బాధపడే సేవకుడు, అంటే మనం క్రీస్తుగా చూసే ఆయన, తన్ను తాను ఏ బలిగా చేసుకుంటాడని ఉంది? అపరాధపరిహారార్థబలిగా. అంటే పొరుగువాడి సొమ్ము తిరిగి ఇచ్చేయడంతో ముడిపడిన బలి! దేవుడికి నేను తీర్చలేని బాకీ క్రీస్తు తీర్చాడు. మా అమ్మ డబ్బు తీసుకున్న మనిషే తీర్చాలి. బలిపీఠం దగ్గర కానుక విడిచిపెట్టి ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడమని మత్తయి 5వ అధ్యాయంలో యేసు చెప్పిందీ ఇదే వరసలో. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని కూల్చాక యూదులకు కూడా బలులు ఆగిపోయాయి. అయినా పొరుగువాడికి చేసిన తప్పుకు, అతన్ని సమాధానపరిచేదాకా ప్రాయశ్చిత్త దినం కూడా పరిహారం కాదని వాళ్ల మిష్నా (పూర్వపు యూదు బోధకుల ధర్మశాస్త్ర బోధల సంకలనం) చెబుతుంది.

లేవీయకాండంలోని ఆహార నియమాల విషయం వేరు. దానికి అపొస్తలుల కార్యములు 10, 15 అధ్యాయాలు చదివితే సరిపోతుంది.

మీరు చదవాలనుకుంటే మొదటి అధ్యాయంతో మొదలుపెట్టకండి. ముందు 19 చదవండి. పొలం అంచులు పేదలకు వదలడం, కూలి డబ్బు రాత్రంతా ఉంచుకోకపోవడం, నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమించడం, అన్నీ అక్కడే ఉన్నాయి. తర్వాత 5, 6, ఆపైన 16, వెంటనే హెబ్రీ 9, 10. చాలామంది 13, 14 అధ్యాయాల్లోని చర్మవ్యాధుల నియమాల దగ్గర విసిగి పుస్తకం మూసేస్తారు. వాటిని చివరికి ఉంచుకోండి.