పాతకాలపు బ్రిటన్ ఊళ్లలో పండగ రోజు ఆడే ఫుట్‌బాల్‌లో పెళ్లైనవాళ్లు, పెళ్లికానివాళ్లు వేరే జట్లుగా ఎందుకు ఆడేవారు? ఆడవాళ్లు ఆడేవారా?

ఆడేవారు. స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరా దగ్గరి ఇన్వెరెస్క్‌లో చేపలమ్మే ఆడవాళ్లు లెంట్ (ఈస్టర్‌కు ముందు క్రైస్తవులు పాటించే ఉపవాసాలు) మొదలయ్యే ముందు రోజు ఏటా ఇలాగే ఆడేవారని, ఎప్పుడూ పెళ్లైనవాళ్లే గెలిచేవారని 1790ల నాటి చర్చి పాస్టర్ నివేదిక చెబుతోంది. బరువైన చేపల బుట్టలు మోసుకుంటూ నగరానికి నడిచేవాళ్లు కదా, ఆ బలం ఆటలోనూ కనిపించేది. కానీ ఆయన వాళ్ల తీరును 'మగరాయుడి తీరు' అన్న అర్థంలో రాశాడు. బలమంటే మగవాళ్లదేనన్న ఆ చూపు నాకు బాధ కలిగిస్తుంది.

జట్ల విభజనకు నాకు తోచే కారణం ఒకటే: ఊళ్లో పెళ్లి మనిషి హోదాను మార్చేది, పండగ ఆ తేడాను అందరి ముందూ ఆటగా చూపించేది.

తర్వాత 1921లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్ల మ్యాచ్‌లను నిషేధించింది.