మిరప నారుమడికి నల్ల షీటు వద్దు, ఎండ దిగే షీటు వేయండి

అన్నా, పోయిన వేసవిలో నల్ల పాలిథీన్ షీటు నెల రోజులు పరిచినా మిరప నారు మొదళ్ళు మెత్తబడి పడిపోయిందని, తుంగ కలుపు కూడా తగ్గలేదని రాశారు. నారు అలా పడిపోయే ఈ నారుకుళ్ళుకు దారి ఉంది: షీటు కింద ఎండ వేడితో మట్టిలోని తెగులు శిలీంద్రాలను చంపడం. తుంగ మాత్రం మొండిది.

నల్ల షీటు ఎండను తానే పీల్చుకుని వేడెక్కుతుంది, మట్టిలోకి అంత వేడి దిగదు. ఎండ నేరుగా మట్టికి తగిలేలా 25 నుంచి 50 మైక్రాన్ల మందం ఉన్న పారదర్శక షీటు తీసుకోండి. అప్పుడు మన ఏప్రిల్, మే ఎండలకు పైమట్టి 45-50 డిగ్రీలు దాటుతుంది.

అంతకన్నా ముఖ్యం తడి. పొడి మట్టిలో శిలీంద్రాలు, కలుపు గింజలు వేడిని బాగా తట్టుకుంటాయి. మడిని మెత్తగా దున్ని, గడ్డలు, మోళ్ళు ఏరేసి, బాగా నీళ్ళు పెట్టాకే షీటు వేయండి. మట్టికి అతుక్కునేలా లాగి, చుట్టూ జానెడు గాడి తీసి అంచులు పూడ్చేయండి. పొద్దున్నే చూస్తే షీటు లోపలి వైపు నీటి బొట్లు ఉండాలి. లేవంటే ఎక్కడో చిరుగు ఉన్నట్టే, టేపు వేయండి. నాలుగు నుంచి ఆరు వారాలు కదిలించొద్దు.

తుంగ గడ్డలు లోతులో ఉంటాయి, మొలక షీటును కూడా పొడుచుకొస్తుంది. దాన్ని ముందే తవ్వి ఏరడమే మేలు.

షీటు తీశాక లోతుగా దున్నొద్దు, అడుగున మిగిలిన తెగులు, గింజలు పైకొస్తాయి. ట్రైకోడెర్మా (తెగులు శిలీంద్రాలను అణిచే మేలైన శిలీంద్రం) కలిపి మాగబెట్టిన పశువుల ఎరువు పైపైన చల్లి విత్తనం వేయండి. పక్క చేలో పారిన నీళ్ళు మాత్రం ఈ మడిలోకి రానివ్వకండి.