కాలం మీదికి నెట్టకు

అమ్మా,

లండన్ దగ్గరి రిచ్‌మండ్ రాజభవనం మీద నువ్వు రాసిన వ్యాసం మొన్న అందింది. రెండుసార్లు చదివాను. ‘థేమ్స్ ఒడ్డున వెలిగిన ఆ వైభవం చివరికి కాలగర్భంలో కలిసిపోయింది’ అన్న వాక్యం దగ్గర రెండుసార్లూ కోపం వచ్చింది.

కాలం గడ్డపార పట్టదు. ఆ ఒడ్డున రాజుల ఇల్లు మూడుసార్లు పోయింది. మూడుసార్లూ ఎలా పోయిందో మనకు తెలుసు. మొదట ఆ చోటి పేరు షీన్. రెండో రిచర్డ్ భార్య, బొహీమియా నుంచి వచ్చిన ఆన్, 1394లో అక్కడే కన్నుమూసింది. దుఃఖం పట్టలేక మరుసటి ఏడాది రాజే దాన్ని కూల్చమన్నాడు. ఐదో హెన్రీ 1414లో మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. 1497 క్రిస్మస్ రోజుల్లో ఏడో హెన్రీ పరివారంతో అక్కడ ఉండగానే అది అంటుకుంది. ఆయన తిరిగి కట్టించి, రాజు కాకముందు తనకున్న రిచ్‌మండ్ ఎర్ల్ అనే ప్రభు పదవి పేరే దానికి పెట్టాడు.

మూడోసారి సంగతి నువ్వు ఒక్క ముక్కలో దాటేశావు. అసలు కథ అక్కడే ఉంది. 1649లో రాజు మొదటి చార్లెస్ తల నరికిన కొద్ది నెలలకే పార్లమెంటు మనుషులు వచ్చి భవనాన్ని కొలిచారు. పెద్ద హాలు పొడవు 100 అడుగులు, వెడల్పు 40. రాజు నివాసం మూడంతస్తులు, 14 బురుజులు, పైన సీసపు కప్పు. విప్పి అమ్మితే ఎంత వస్తుందో చూడటానికే ఆ లెక్కంతా. 13,000 పౌండ్లకు అమ్మేశారు. పదేళ్ళలో రాళ్ళు చాలామటుకు వేరే కట్టడాలకు తరలిపోయాయి. ఈ పట్టీని ఉన్నదున్నట్టు రాసి చూడు. నీ విశేషణాలేవీ పుట్టించలేని దిగులు అందులో ఉంది.

నీ వయసులో నేనూ మా పాత ఇంటి గురించి ‘కాలప్రవాహంలో కొట్టుకుపోయింది’ అని రాసి మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే, ‘కాలం కాదురా, మీ పెదనాన్న అమ్మాడు. దూలాలు పక్క ఊళ్ళో మిల్లుకు పోయాయి’ అంది. మర్నాడే సైకిలు మీద ఆ మిల్లుకు వెళ్ళాను. మా నడవ దూలం మీద తాతయ్య కొట్టించిన చిలకల వరుస ఊక దుమ్ములో కనిపించింది. ఆ వ్యాసం మొత్తం తిరగరాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు అందులోంచి పెదనాన్ననూ దూలాలనూ తీసేసి, మళ్ళీ ‘కాలగర్భం’ చేర్చి అచ్చు వేశాడు. పాఠకులకు అదే ఇష్టమట! నలభై ఏళ్ళయింది, నేను ఇప్పటికీ క్షమించలేదు. ఇవాళ చరిత్ర పేరుతో వస్తున్న వ్యాసాల్లో సగం ఆ సంపాదకుడు రాసినట్టే ఉంటున్నాయి.

మొదటి ఎలిజబెత్ 1603 మార్చిలో ఆ భవనంలోనే చనిపోయింది. పడక ఎక్కనని మొండికేసి, రోజుల తరబడి నేలమీద దిండ్ల మధ్యే ఉండిపోయిందని ఆనాటి వాళ్ళు చెప్పారు. నువ్వేమో ఆమెను కిటికీ దగ్గర నిలబెట్టి, వెన్నెల చూపించి, ఒక పేజీ మాట్లాడించావు. ఆ పేజీ తీసెయ్యి. దిండ్లు చాలు.

ఆ భవనంలో మిగిలిన ద్వారం మీద ఏడో హెన్రీ రాజచిహ్నం ఇంకా ఉందని చివర్లో రాశావు. ఆ వాక్యం బాగుంది, అలాగే ఉంచు.

నువ్వు అడిగిన మిగతావి కలిసినప్పుడు మాట్లాడుకుందాం. ముందు ఆ 1649 కొలతల దగ్గర మొదలుపెట్టి మళ్ళీ రాయి. సంక్రాంతి దాకా ఊళ్ళోనే ఉంటాను, ఇక్కడికే పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు