పాప బలపాలు తింటోందంటే ముందు రక్తపరీక్ష, టానిక్ కాదు

ప్రశ్న: మా పాపకు రెండేళ్ల మూడు నెలలు. బరువు 9 కిలోలు. రెండు ముద్దలు తినేసరికి మూతి తిప్పేస్తుంది. ఫోన్ చూపిస్తే ఇంకో నాలుగు ముద్దలు. పాలు మాత్రం సీసాతో రోజుకు ఐదుసార్లు తాగుతుంది. మెడికల్ షాపులో అడిగితే ఆకలి టానిక్ ఇచ్చారు, నెలన్నరగా వేస్తున్నాం. మొదట్లో బాగా తింది, ఇప్పుడు మళ్లీ మామూలే. ఈ మధ్య అక్క బలపాలు తీసుకుని తింటోంది, గోడ గీకి నోట్లో పెట్టుకుంటోంది. ఇంతకంటే మంచి టానిక్ చెప్పగలరా? – ఒక తల్లి, నల్గొండ

సలహా: అమ్మా, మీరు టానిక్ గురించి అడిగారు. నాకు మాత్రం చివర్లో రాసిన బలపాల సంగతే ముఖ్యంగా కనిపించింది. బలపం, మట్టి, సున్నం తినే పిల్లల్లో చాలామందికి ఐరన్ లోపం ఉంటుంది. ఐరన్ తగ్గితే ఆకలి చచ్చిపోతుంది, పిల్లలు చిరాగ్గా ఉంటారు, ఆటల్లో త్వరగా అలసిపోతారు. పాపను చూడకుండా ఇదే జబ్బని చెప్పలేను. కానీ ఈ వారంలోనే పిల్లల డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించండి. ఈ వయసులో హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత కిందే లెక్క. ఇది అరుదైన సంగతేమీ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది.

ఐరన్ కూడా షాపులో కొని మీరే మొదలుపెట్టకండి. తలసీమియా లాంటి సమస్యల్లోనూ రక్తం తక్కువగానే కనిపిస్తుంది, వాటికి మందు వేరు. అంగన్‌వాడీలో, ఆశా కార్యకర్త ద్వారా వారానికి రెండుసార్లు ఇచ్చే సిరప్ రక్తహీనత రాకుండా వేసేది. వచ్చాక చికిత్సకు ఆ మోతాదు చాలదు. నులిపురుగుల మందు ఆరు నెలలుగా వేయకపోతే ఆ మాట కూడా డాక్టరుకు చెప్పండి. గోడల రంగు పాతదైతే అందులో లెడ్ అనే విషలోహం ఉండొచ్చు, అదీ చెప్పాల్సిందే.

ఇక పాలు. సీసాకు 200 మిల్లీలీటర్లు అనుకున్నా రోజుకు లీటరు. అందులో సుమారు 600 కేలరీలు ఉంటాయి. ఈ వయసు పాపకు రోజంతటికీ కావలసింది వెయ్యి చిల్లర. కడుపు పాలతోనే నిండిపోతుంటే అన్నం ఎక్కడికి వెళ్తుంది? పైగా పాలలో ఐరన్ దాదాపు లేదు, మిగతా తిండిలోని ఐరన్‌నూ ఒంటికి సరిగా పట్టనివ్వవు. రోజుకు రెండు గ్లాసులు, అంటే 400 మిల్లీలీటర్లు మించనివ్వకండి. అవీ గ్లాసుతోనే, తిండి తిన్న రెండు గంటల తర్వాతే. సీసా పూర్తిగా మాన్పించండి, ముఖ్యంగా రాత్రిపూటది. మూడు నాలుగు రోజులు ఏడుస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు జాలిపడి మళ్లీ సీసా పట్టకుండా ముందే మాట్లాడుకోండి.

మీరు వేస్తున్న టానిక్ సీసా మీద సైప్రోహెప్టడిన్ అని ఉందేమో చూడండి. ఆకలి టానిక్‌లలో తరచూ ఉండేది అదే. అసలు అది అలర్జీ మందు. ఆకలి పెరగడం దాని సైడ్ ఎఫెక్ట్. రెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదు, ఆపై వయసు వాళ్లకూ డాక్టరు చూసి రాస్తేనే. మత్తు వస్తుంది, నోరు ఎండుతుంది, కొన్నాళ్లకు ఆకలి మీద దాని ప్రభావం తగ్గిపోతుంది. మీకు జరిగింది అదే కావచ్చు. ఇప్పుడు ఇంకో టానిక్ అంటున్నారు! షాపతను పాప కనురెప్ప తెరిచి చూడలేదు, బరువు తూచలేదు. ఆయన్ను తప్పుపట్టి లాభం లేదు, మీరు అడిగారు, ఆయన ఇచ్చాడు. కానీ నెలన్నర పోయింది, పాప బలపాలు తినే దాకా వచ్చింది. ఎవరూ రాయని ఆ మందు ఇక ఆపేయండి.

ఏడాది దాటాక పిల్లల తిండి కొంత తగ్గడం సహజమే. మొదటి ఏడాదిలో ఆరేడు కిలోలు పెరిగిన బిడ్డ రెండో ఏడాది రెండున్నర కిలోలకు మించి పెరగదు, అంత ఆకలీ ఉండదు. బరువు సరిగ్గా ఉండి, హుషారుగా ఆడుకునే పిల్లలైతే తల్లులకు టెన్షన్ వద్దనే చెబుతాను. మీ పాప విషయం అది కాదు. ఈ వయసు ఆడపిల్లలు సగటున 12 కిలోల దగ్గర ఉంటారు. అంగన్‌వాడీ కార్డులో పాత బరువులు ఉంటే తీసుకెళ్లండి. ఎప్పటి నుంచి గీత కిందికి దిగిందో డాక్టరుకు అదే చెబుతుంది.

తినిపించేటప్పుడు ఫోన్ వద్దు, బలవంతం అసలొద్దు. ముక్కు మూసి కుక్కితే పిల్లలు తిండిని చూస్తేనే భయపడతారు. మీతోపాటు కూర్చోబెట్టి, చిన్న ప్లేటులో కొంచెం పెట్టి, తన చేత్తోనే తిననివ్వండి. అరగంటలో తీసేయండి. తర్వాత రెండు గంటలు బిస్కెట్లు, చిప్స్, పాలు ఏవీ ఇవ్వకండి. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండి, నెయ్యి వేసి కలపండి. గుడ్డు, మెత్తగా వండిన కైమా తినే ఇల్లయితే ఇంకా మంచిది. టీ చుక్క కూడా వద్దు.

జ్వరం వదలకపోయినా, బరువు ఇంకా తగ్గుతున్నా, విరేచనాలు ఆగకపోయినా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉన్నా వారం ఆగకండి, వెంటనే వెళ్లండి. పాప బాగా తెల్లగా పాలిపోయి ఆయాసపడుతుంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వెళ్లేటప్పుడు ఆ టానిక్ సీసా వెంట పట్టుకెళ్లి, రోజుకు ఎంత వేశారో దాచకుండా చెప్పండి.