ఓట్స్‌లో చక్కెరకేళి ఎప్పుడు వేయాలి?

ప్రశ్న: పిల్లల బడి హడావిడిలో స్టవ్ మీద ఓట్స్ చేస్తుంటే బంకలా అయిపోతోందండీ, అరటిపండేమో నల్లబడుతోంది. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, అమలాపురం

జవాబు: ముందు గరిటె తిప్పడం తగ్గించండి! కప్పు నీళ్లు మరిగాక అరకప్పు ఓట్స్ వేసి, సన్నసెగ మీద 5 నిమిషాలు ఉంచి, చివర్లో అరకప్పు కాచిన పాలు పోసి, కాస్త పలచగా ఉన్నప్పుడే దింపేయండి, చల్లారేకొద్దీ అదే చిక్కబడుతుంది. పండుని మాత్రం ఉడికించొద్దు. మీకేమండీ, రావులపాలెం గెలలు పక్కనే! బాగా మగ్గిన చక్కెరకేళి అయితే పంచదార కూడా అక్కర్లేదు, తినే ముందు చక్రాల్లా కోసి కలుపుకోవడమే. బెల్లం కావాలంటే స్టవ్ కట్టేశాక, లేదంటే పాలు విరుగుతాయి. ఉడికించని అనాస ముక్కలు వద్దు, పాలతో చేదెక్కుతాయి.